పెదనాన్న తెచ్చిన సైలెన్సర్

మా పెదనాన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను వంకాయలు తరుగుతున్నాను. సరేనని ఫోను పెట్టేసి మిగిలిన వంకాయలు కూడా తరిగాను. కూరలో ఉప్పు సరిగ్గా కుదిరింది. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిని ఓ కునుకు కూడా తీశాను. ఇలా రాస్తే మా చుట్టాలకి నచ్చదని తెలుసు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని చిన్నప్పటినుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. చెబితే పోయే కోపమైతే ఇన్నేళ్ళు నాతో కాపరం చేసేదా?

పన్నెండో రోజు భోజనాలకి మాత్రం శృంగవరపుకోట వెళ్ళక తప్పలేదు. వెళ్ళకపోతే మా అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఆ మాట ఊరంతా తిప్పుతాడు. హాల్లో పెదనాన్న ఫోటో పెట్టి దండేశారు. ఫోటోలో నవ్వుతున్నాడు. బతికుండగా ఆయన నవ్వడం నేను చూసింది ఎదుటివాళ్ళ వస్తువుకి వంక దొరికినప్పుడే. నా పక్క విస్తరి ముందు ఆయన తోడల్లుడు కూర్చున్నాడు. పప్పులో నెయ్యి కలుపుకుంటూ అందరికీ వినబడేలా మొదలెట్టాడు. "మా తోడల్లుడికి మిసన్ల తెలివి సిన్నది కాదండి. అరకు రోడ్డు మీద గడగడలాడిపోతన్న తమ్ముడి జీపుకి పట్నం నుంచి మంచి సైలెన్సరు తెచ్చి, దగ్గరుండి బిగించినాడు. ఆ జీపుని ఓ దారిన పెట్టినోడు ఆయనే." బంతిలో ఉన్నవాళ్ళంతా తలలూపారు. నా విస్తట్లో అప్పుడే గారె వేశారు. దాన్ని అలాగే వదిలేసి లేచాను. "ఏటమ్మా, అప్పుడే లెగిసిపోనావు" అన్నాడాయన. కడుపు నిండిపోయిందన్నాను.

చేయి కడుక్కుని బయటికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది. ఇంటికి వెళ్ళే బస్సు ఎదురుగా ఉన్నా ఎక్కబుద్ధి కాలేదు. పెదనాన్న పోయాడన్న కబురు చెప్పవలసిన మనిషి ఒకతె అనంతగిరి కొండ మీద ఉంది. ఆమె పేరు బుద్రి. ఇన్నేళ్ళలో ఆమెకి నేను మోసుకెళ్ళగలిగిన మంచి కబురు ఇదొక్కటే అనిపించింది. చెప్పి, ఆమె మొహంలో కాస్త చల్లదనం చూసి వద్దామని అరకు బస్సెక్కాను. అంత పాడు బుద్ధితోనే ఎక్కాను, దాచడం ఎందుకు.

మా ఇల్లు అనంతగిరి దాటాక రోడ్డు పక్కనే ఉండేది. పెంకుటిల్లు. వెనక కాఫీ తోట, ముందు రోడ్డు, రోడ్డుకవతల లోయ. జీపు పెదనాన్న పేరు మీద ఉండేది, తోలేది నాన్న. పొద్దున్నే అమ్మ వంటింట్లో చోడి అంబలి, అంటే రాగిజావ, కాస్తుంటే నాన్న వాకిట్లో ఇంజను వేడెక్కించేవాడు. చలికాలంలో అంబలి పొయ్యి మీదే ఓ చెంబు నీళ్ళు కాచి రేడియేటర్లో పోసేవాడు. వంట చెంబు బండికి వాడొద్దని అమ్మ, మరే చెంబు ఉందని నాన్న, ఇది రోజూ ఉండే గొడవ. కాఫీ పూసే రోజుల్లో మల్లెపూలలాంటి ఆ వాసన తోటలోంచి ఇంట్లోకి వచ్చి, డీజిలు పొగతోనూ అడుగంటిన అంబలితోనూ కలిసిపోయేది. ఇప్పటికీ చలిపొద్దున ఎక్కడైనా డీజిలు పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది. మా పిల్లలు ముక్కు మూసుకుంటారు.

జీపుకి సైలెన్సర్ అని పేరుకొకటి ఉండేది. రోడ్డు మీద రాళ్ళు తగిలి ఎప్పుడో చిల్లు పడింది. నాన్న నూనె డబ్బా రేకు కత్తిరించి చిల్లు మీద చుట్టి ఇనప తీగతో బిగించాడు. పొగ సగం వెనక నుంచీ సగం ఆ రేకు సందులోంచీ పోయేది. రేకు ఎప్పుడూ గడగడలాడుతూ ఉండేది. మలుపు దిగేటప్పుడు గేరు తగ్గిస్తే టపటపమని పేలేది. హారను అంతకుముందే పాడైంది. ఆ చప్పుడుండగా హారను బాగుచేయించే పని నాన్నకి కనబడలేదు. కొండ మీద గూడేలవాళ్ళు మా జీపుని గడగడ బండి అనేవారు. అమ్మ దానితోనే పొద్దు చూసుకునేది. సాయంత్రం కింది మలుపులో ఆ పేలుడు వినబడగానే ఎసట్లో బియ్యం పోసేది. నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అన్నం దిగేది.

ఆ రోజుల్లో మా రోడ్డు మీద బస్సు ఎప్పుడొస్తుందో బస్సుకే తెలిసేది కాదు. మా జీపు వాకిట్లో స్టార్టయితే చప్పుడు లోయలో కొట్టుకుని పైగూడెం దాకా వెళ్ళేది. వినగానే అక్కడి ఆడవాళ్ళు విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలూ కొండచీపుర్లూ పనసకాయలూ నెత్తికెత్తుకుని దిగడం మొదలెట్టేవారు. జీపు మలుపులు తిరుగుతూ వాళ్ళ కాలిదారి మొదటికి వచ్చేసరికి వాళ్ళూ దిగేవారు. ముందే వచ్చి రోడ్డు మీద కాచుకునేవారు కాదు. అడవి కొట్టి పోడు చేసుకున్నందుకు అక్కడ చాలా ఇళ్ళలో మగవాళ్ళ మీద కేసులుండేవి. ఫారెస్టు డిపార్టుమెంటు జీపు ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ జీపులకి మంచి సైలెన్సర్లుండేవి, సన్నగా మూలుగుతున్నట్టు వచ్చేవి. ఆ సన్నటి చప్పుడు వింటే గూడెమంతా చెట్లలోకి పోయేది. గడగడమంటే దిగాలి, సన్నగా వస్తే దాక్కోవాలి. ఉయ్యాల దిగిన పిల్లలకి కూడా అక్కడ ఈ తేడా నేర్పేవారు.

ఇక పెదనాన్న. కోటలో, అంటే శృంగవరపుకోటలో, ఆయనకి సిమెంటు కొట్టు ఉండేది. నెలకోసారి జీపు చూసుకునే వంకతో కొండ మీదకి వచ్చేవాడు. వస్తూనే చెప్పులతో టైరుని తన్ని, "ఎదవ బండి" అనేవాడు. ముక్కుపొడి పీల్చి వేళ్ళు మా కిటికీ గుడ్డకి తుడిచేవాడు. అమ్మ వేడినీళ్ళు తోడి, నాటుకోడి కోయించి, ఆయన తిన్నాకే తను తినేది. ఆయన ఉన్నంతసేపూ నాన్న కుర్చీలో కూర్చునేవాడు కాదు, గుమ్మానికి చేరబడి నిలబడేవాడు. అన్న ముందు తమ్ముడు గొంతెత్తకూడదు, అడ్డం చెప్పకూడదు. మా ఇళ్ళలో అది పద్ధతి. నాన్నని అందరూ అందుకే మెచ్చుకునేవారు. మీ నాన్న ఎంత మెత్తని మనిషమ్మా అని ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా నాతో అనేవారు. నాకు గర్వంగా ఉండేది. పెదనాన్న ముక్కుపొడి మరకలు మాత్రం ఉతికినా పోయేవి కావు. వాటిని చూసినప్పుడల్లా నాకు పళ్ళు నూరాలనిపించేది.

బుద్రిది పైగూడెం. చింతపండు రోజుల్లో గింజ తియ్యడానికి మా ఇంటికి వచ్చేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. అడ్డాకులు ఎలా కుట్టాలో నాకు నేర్పాలని చూసి, నా విస్తరి చూసి పడీపడీ నవ్వేది. "నీ ఇస్తట్లో అన్నం ఎడితే నేల తింటాది పాపా" అనేది. అదే గూడెంలోని గెన్నుని చేసుకుంది. గెన్ను మాట తక్కువ మనిషి. అతని మీదా పోడు కేసు ఉంది. బుద్రికి నెలలు నిండే రోజుల్లో నర్సమ్మ వచ్చి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఇక్కడ కాన్పు చేస్తే ఇద్దరూ దక్కరు, కోట ఆసుపత్రిలో చేర్చాలి అని చెప్పింది. గెన్ను మా వాకిట్లోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం అడగాలో కూడా అడగలేదు. నాన్నే అన్నాడు. "శనివారం పొద్దున్నే దించుదాం. ఎనక సీటు తీసేసి బొంత పరుత్తాను. డోలీ కట్టి తయారుగుండండి. నా బండి సప్పుడు ఇంటే దిగండి. ఇనకుండా దిగితే అంతసేపు రోడ్డు మీద ఆ పిల్ల ఉండలేదు." గెన్ను తల ఊపి వెళ్ళాడు. అమ్మ ఆ రోజే పాత చీరలు కలిపి బొంత కుట్టడం మొదలెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం పెదనాన్న దిగాడు. చంకలో గోనెపట్టా చుట్టిన పొడుగాటి మూట. విప్పితే నల్లగా నిగనిగలాడుతున్న కొత్త సైలెన్సరు. ఇప్పుడిప్పుడే కొండ మీదకి టూరిస్టులు వస్తున్నారనీ, బొర్రా గుహలకి తిప్పితే బాగుంటుందనీ, ఈ గడగడకి షోకైనవాళ్ళెవరూ ఎక్కరనీ ఆయన లెక్క. మర్నాడు పొద్దున్నే కోటలో ఓ కుటుంబం దిగుతోందట, వాళ్ళని ఎక్కించుకోవాలట. "డిపార్టుమెంటు జీపులకి తగిలించే సరుకురా ఇది. బిగించి సూడు. పెద్దాఫీసరు జీపుకీ నీ బండికీ తేడా తెలిత్తే నన్నడుగు" అన్నాడు. ఆ మాట అంటూ నవ్వాడు కూడా.

జీపు వెనక చక్రాలు వాకిలి గట్టు మీదకి ఎక్కించి, ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, నాన్న గోనెపట్టా పరుచుకుని కిందకి దూరాడు. పెదనాన్న అరుగు మీద కుర్చీ వేయించుకుని అక్కడినుంచి పెత్తనం మొదలెట్టాడు. పాత నట్లు తుప్పు పట్టి పైపుతో ఒకటైపోయాయి. నాన్న కిరసనాయిలు పోసి నాననిచ్చి పానా వేశాడు. నట్టు తిరగలేదు, దాని మూలలు అరిగి గుండ్రంగా అయిపోయింది. "బలం పెట్టరా, అన్నం తినీ ఒళ్ళేనా అది" అని పైనుంచి మాట. చివరికి రంపపు బ్లేడుతో బోల్టు కోశాడు. తుప్పు రజను కళ్ళలో పడి నాన్న మోచేత్తో మొహం తుడుచుకుంటుంటే, బేగి కానీ అని మళ్ళీ మాట. పాతది ఊడి నేల మీద పడినప్పుడు దాని రేకు చివరిసారి గడగడమంది. కొత్తది పాతదానికంటే పొడుగు, తగిలించే కొక్కెం దగ్గరికి రాలేదు. పైపు మూతి కూడా వదులు. నాన్న మూతికి ఆస్బెస్టాస్ తాడు చుట్టి, క్లాంపు వేసి బిగించాడు. కొక్కేనికి అందక టైరు రబ్బరు ముక్క కోసి రెండు చిల్లులు పెట్టి దాన్ని వేలాడదీశాడు. స్టార్టు చేస్తే కొత్త రంగు కాలి వాకిలంతా కమురు పొగ కమ్మింది. నేను దగ్గుకుంటూ ఇంట్లోకి పోయాను. పొగ తగ్గాక బయటికి వచ్చి చూస్తే నాన్న వెనక పైపు దగ్గర అరచెయ్యి అడ్డంపెట్టి చూసుకుంటున్నాడు. ఇంజను తిరుగుతోంది. చప్పుడు లేదు. సన్నటి మూలుగు, అంతే. పెదనాన్న అరుగు దిగివచ్చి చెవి ఆనించి విని, "ఇదిరా బండంటే" అన్నాడు.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. బొంత సూది ఇంకా చేతిలోనే ఉంది. బావగారితో అమ్మ ఎదురుగా మాట్లాడేది కాదు, తలుపు చాటునుంచి నాకు చెప్పినట్టు ఆయనకి చెప్పేది. ఆ రోజు మాత్రం గుమ్మం దాటింది.

"బావగారూ, రేపు ఆ బుద్రి గుంటని ఆసుపత్రికి దించాలి. ఆళ్ళు మన సప్పుడు ఇంటేగాని దిగరు. ఇది ఇంటే డిపార్టుమెంటోళ్ళనుకుంటారు. రేపొక్క రోజుకి పాతదే ఉంచండి."

"ఇప్పీసిందాన్ని మళ్ళీ బిగిత్తారా ఎవులైనా. జీపొత్తే కళ్ళుండవా ఆళ్ళకి?"

"మంచు పడతాది కదండీ పొద్దుట. ఏటి కనబడతాది."

"అయితే పైకి కబురంపు."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న చేతులకున్న నల్ల మసి గుడ్డతో తుడుచుకుంటూ, "రేపు దారి మొదట్లో ఆపి సూత్తాన్లే" అన్నాడు. అమ్మ నేను వెళ్ళి చెప్పి వస్తానంది. పెదనాన్న జేబులోంచి ముక్కుపొడి డబ్బా తీస్తూ, "నువ్వెల్తే వంటెవులు సేత్తారు. కోడి కోయించినావా లేదా" అన్నాడు. నాన్న గోళ్ళలో మసి తీసుకుంటున్నాడు. అమ్మ లోపలికి పోయింది. ఆ పూట అమ్మ కోడి ముక్కలు కొట్టిన తీరు నాకు ఇంకా చెవిలో ఉంది. సైలెన్సరుని వేలాడదీసిన రబ్బరు ముక్క పొద్దుగూకేలోపే తెగితే, మళ్ళీ ఇంకోటి కోసి కట్టే పని పడి నాన్న కూడా ఎక్కడికీ కదల్లేదు. పాత సైలెన్సరుని పెదనాన్న తన సంచి పక్కన పెట్టుకున్నాడు, కోటలో ఇనప సామాను కొట్టులో వేయడానికి.

శనివారం పొద్దున్న అమ్మ అన్నట్టే మంచు పడింది. వెనక ఓ పక్క సీటు తీసి బొంత పరిచారు. నేను కోటలో బట్టలు కొనుక్కోవడానికని బొంత పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో పెదనాన్న. జీపు ఘాటీ దిగుతుంటే నాకు వింతగా ఉంది. లోయలో వాగు పారే చప్పుడు, పక్షుల చప్పుడు వినబడుతున్నాయి. అంతకుముందు ఎన్నిసార్లు ఆ రోడ్డున వెళ్ళానో, వాగుందని చప్పుడుతో తెలియడం అదే మొదలు. పైగూడెం కాలిదారి మొదట్లో నాన్న జీపు ఆపాడు. దారిలో ఎవరూ లేరు. మంచులో నాలుగడుగుల పైన ఏముందో కనబడటం లేదు. నాన్న దిగి కాలిదారిలోకి కాస్త నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ నడిచాడు. ఓ చెయ్యి నడుం మీద పెట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు. నోరు కాస్త తెరుచుకుంది. పిలుస్తాడనుకున్నాను. పెదనాన్న గడియారం చూసుకుంటూ, "ఆళ్ళు దిగలేదంటే ఇంకా నొప్పులు రాలేదనే. కోటలో టూరిస్టులు దిగిపోయుంటారు, పద" అన్నాడు. నాన్న నోరు మూసుకుని వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. బొంత ఖాళీగా ఉంది. దాని మీద పెదనాన్న పాత సైలెన్సరు పడుకోబెట్టాడు, కింద పెడితే ఆ చప్పుడు ఆయనకి చిరాకట.

ఏం జరిగిందో మూడోనాడు నర్సమ్మ వచ్చి అమ్మకి చెప్పింది. రాత్రే నొప్పులు మొదలవడంతో వాళ్ళు జీపు చప్పుడు కోసం ఆగకుండా డోలీ దించుతూనే ఉన్నారు. కిందనుంచి సన్నటి చప్పుడు వచ్చింది, వచ్చి తమ దారి మొదట్లోనే ఆగింది. గెన్ను కోసమే వచ్చారనుకున్నారు. డోలీతో సహా చెట్లలోకి పోయారు. జీపు వెళ్ళిపోయాక కూడా భయం తీరక ఎండ వచ్చేదాకా అక్కడే ఉండి, ఇక నొప్పులు ఆగేలా లేవని తిరిగి పైకి ఎక్కారు. బిడ్డ దక్కలేదు. బుద్రి మాత్రం ఎలాగో బతికింది. ఆ తరవాత ఆమెకి పిల్లలు పుట్టలేదు. ఈ మాటలు వింటూ అమ్మ పొయ్యిలో ఊదుతూనే ఉంది, మంట ఎప్పుడో అంటుకున్నా. నాన్న విని, లేచి వెళ్ళి వాకిట్లో జీపు పక్కన కూర్చున్నాడు. ఆయనతో ఆ రోజూ ఆ తరవాతా ఈ సంగతి ఎవరం మాట్లాడలేదు. ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేకపోయాం.

పెదనాన్నకి కబురు తెలిసింది. "అయ్యో పాపం" అన్నాడు. ఇంకో మాట అని ఉంటే నాకు గుర్తుండేది. టూరిస్టుల బేరం ఆయన లెక్క ప్రకారమే బాగా సాగింది. పైగూడెం వాళ్ళు మాత్రం మళ్ళీ మా జీపెక్కలేదు. చీపుర్ల కట్టలు మోసుకుని మా ఇంటి ముందునుంచే నడిచి పోయేవారు, తలెత్తి చూసేవారు కాదు. అమ్మ ఆ తరవాత పెదనాన్నకి తన చేత్తో వడ్డించలేదు. వండేది, గిన్నెలు తెచ్చి గుమ్మంలో పెట్టేది, నేను వడ్డించేదాన్ని. ఆయన ఎన్నేళ్ళు వచ్చి తిన్నా ఈ తేడా గమనించలేదు. అమ్మ పోయేదాకా అదే పద్ధతి. ఎవరినైనా ద్వేషించాలంటే ఎలా ఉండాలో నాకు అమ్మే నేర్పింది. అమ్మ కంటే గట్టిగా నేర్చుకున్నాను.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూస్తున్నాను, ప్రతి మలుపుకీ ఓ టీ కొట్టు, బొంగు చికెన్ బోర్డు, ఫోటోలు దిగే జనం. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లు కావాలని తగిలించుకున్న కుర్రాళ్ళ కార్లు బస్సుని దాటుతుంటే లోయంతా మోగిపోతోంది. వాళ్ళ చప్పుడు ఎవరూ దేనికీ వినడం లేదు, తిట్టుకుంటున్నారంతే. పైగూడెం దాకా సిమెంటు రోడ్డు పడింది. ఫోను చేస్తే అంబులెన్సు ఇంటి ముందుకే వస్తుందట. మంచిదే. మా కాలమే బాగుండేదని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కాలంలో ఓ బిడ్డ ప్రాణం నూనె డబ్బా రేకు మీద ఆధారపడి ఉంది. అందులో గొప్ప ఏముంది? కాకపోతే ఆ రేకు చప్పుడు ఎవరిదో, ఎవరికోసమో కొండంతటికీ తెలుసు. ఆ ఒక్క ముక్క మాత్రం ఈ కార్లవాళ్ళ దగ్గర లేదు.

బుద్రి ఇంటి ముందు సిమెంటు చప్టా మీద మిరియాలు ఎండబోసి ఉన్నాయి. చేటతో చెరుగుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, "పాపా, నువ్వా" అని పక్కకి జరిగి చోటిచ్చింది. నాకు యాభై దగ్గర పడుతున్నా ఆమెకి పాపనే. గెన్ను పోయి చాలా కాలమైంది. చెల్లెలి కూతురిని పెంచుకుంది, ఆ అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను ఎక్కువసేపు ఆగలేకపోయాను.

"మా పెదనాన్న పోయాడు అప్పా" అన్నాను.

"సచ్చిపోనాడా. ముసిలోడైపోనాడు కదా" అంది. చెరగడం ఆపలేదు.

ఇంకేమైనా అంటుందని చూశాను. ఊదితే ఎగిరిన పొట్టు నా చీర మీద పడింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది.

"ఆయన వల్లే కదా నీకలా జరిగింది. ఆయనే కదా ఆ సైలెన్సరు తెచ్చింది. నీకు కోపం లేదా?"

బుద్రి చేట కింద పెట్టింది. "ఆ దినం మేం ఎక్కడున్నామో నీకు తెల్దు" అంది. చప్టా చివర ఉన్న పనసచెట్టు వైపు చెయ్యి చూపించింది. "ఇక్కడినించి ఆ సెట్టు కాడికి ఎంతో, మీ జీపుకీ మాకూ అంతే. రాతి ఎనకాల ఉన్నాం. నేను అరుత్తానని గెన్ను నా నోట్లో తువ్వాలు కుక్కీసినాడు. మంచులో ఏటీ కనబడ్నేదు. ఎవులో దిగినారు. సెప్పుల సప్పుడు ఇన్నాను. ఇటొచ్చినాడు, అటెల్లినాడు, మళ్ళీ ఇటొచ్చినాడు. జవానేమో అనుకున్నాం. మీ నాన్నే అని తరవాత కదా తెలిసినాది."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"ఒక్కపాలి బుద్రీ అని పిలిత్తే సాలు. మీ నాన్న గొంతు నాకు తెల్దా. సింతపండు రోజుల్లో ఎన్నిపాల్లు పిలిసినాడు, అన్నానికి రమ్మని. పిలిత్తే ఆ తువ్వాలు నేనే లాగీసి కేకెడుదును."

"పెదనాన్న ముందు నాన్న గొంతెత్తేవాడు కాదు అప్పా" అన్నాను. ఎన్నోసార్లు గర్వంగా విన్న మాటే. ఆ చప్టా మీద దాన్ని నా నోటితో నేనే అంటే ఎంత సిగ్గుమాలిన మాటో తెలిసింది.

"ఎత్తడు. నాకూ తెలుసు. మంచోడు" అంది బుద్రి. ఆ మంచోడు అన్న మాటలో ఎగతాళి లేదు, అదే భరించలేకపోయాను. మళ్ళీ చేట అందుకుంటూ అంది. "ఆ ముసిలోడి మీద నాకు కోపమెందుకు పాపా. నేనెవుల్నో ఆడికి తెల్దు. మీ నాన్నకి నా పేరు తెలుసు."

నాకు కోపం వచ్చింది. మొదట బుద్రి మీద వచ్చింది, మా నాన్నని అంత మాట అంటుందా అని. ఆమె మిరియాలు చెరగడం పూర్తి చేసి, గోనెసంచిలో పోసి, మూతి కడుతున్నంతసేపూ నేను అక్కడే కూర్చున్నాను. అప్పుడు నాన్న మీద వచ్చింది. ఆయన పోయి ఇన్నేళ్ళైనా, ఆయన మీద నాకు కోపం రావడం అదే మొదలు.